ఎలుకల్లేని దీవిలో ఎర్రతల పిట్ట

మారిషస్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి నీలి సముద్రం, సినిమా పాటలు, కొత్తగా పెళ్లైన జంటల ఫొటోలు. నేను వెళ్లింది మాత్రం గుప్పిట్లో ఇమిడిపోయే ఒక పిట్ట కోసం. దాని పేరు మారిషస్ ఫోడీ. తోక చివరి వరకు కొలిచినా సుమారు 14 సెంటీమీటర్లు. మన గిజిగాడిది, దానిది ఒకటే వంశం. ప్రపంచంలో ఈ ఒక్క దేశంలో తప్ప ఇంకెక్కడా లేదు. ఈ దేశంలోనూ అన్నిచోట్లా కనిపించదు. నైరుతి మూలనున్న కొండ అడవుల్లో కొన్ని, ఆగ్నేయ తీరానికి ఎదురుగా 26 హెక్టార్ల చిన్న దీవి మీద కొన్ని ఉన్నాయి, అంతే. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా గూళ్లు కట్టే కాలం. అప్పుడే మగపిట్టకు తలమీద ఎరుపు వస్తుంది. అందుకని అక్టోబరు చూసుకుని బయల్దేరాను.

విమానాశ్రయం దేశపు ఆగ్నేయ మూలనే ఉంది. అక్కడికి దగ్గర్లోని మాహెబూర్ అనే పాత రేవు పట్టణంలో బస. తెల్లవారుజామునే పెరట్లోకి వచ్చి కూర్చుంటే పిట్టల గోల చెప్పనలవి కాదు. బైనాక్యులర్స్ పెట్టి ఒక్కొక్కదాన్నీ గుర్తుపడుతూ పోయాను. మామిడికొమ్మ మీద గోరింక. 1762లో ఫ్రెంచివాళ్లు మిడతల బాధ తీర్చుకోవడానికి మన దేశం నుంచి తెప్పించిన గోరింకల సంతానం అది. కరెంటు తీగ మీద తలపై తురాయి, బుగ్గన ఎర్రమచ్చ ఉన్న పిగిలిపిట్ట. అదీ ఆసియాదే, 1892లో వచ్చింది. కొబ్బరాకుల్ని చీలికలు చేసి గూళ్లల్లుతున్న పసుపు పిట్టలు ఆఫ్రికావి. గింజలు ఏరుకుంటున్న చారల గువ్వలు ఆగ్నేయాసియావి. గోడమీద వాలిన నిలువెల్లా ఎర్రటి పిట్టను చూసి ఒక్కసారి లేచి నిలబడ్డాను కానీ, అది మడగాస్కర్ ఫోడీ. ఇక్కడి వాళ్లు దాన్ని కార్డినల్ అంటారు. నేను వెతుకుతున్నదానికి దగ్గరి చుట్టం, ఊళ్లో ఎక్కడ పడితే అక్కడ కనిపిస్తుంది.

ఆ ఉదయం చూసినవాటిలో అచ్చంగా ఈ నేలదే అనదగ్గది ఒక్కటే. బూడిదరంగు ఒంటితో, పిక్ పిక్ మంటూ గుంపుగా వచ్చి మందారపూలలో దూరి వెళ్లిన బుల్లిపిట్ట. దాన్ని పిలిచేదీ పిక్‌పిక్ అనే. స్థానిక పాటపిట్టల్లో మనుషుల పెరళ్లకు అలవాటు పడి హాయిగా బతికేస్తున్నది అదొక్కటే. తక్కినవి అడవి విడిచి రావు, వచ్చి బతకలేవు.

బస ఇచ్చిన ఇంటామెకు డెబ్బై దాటాయి. ఇంటిపేరు చూసే తెలుగువారని పోల్చుకున్నాను. ఇంట్లో మాట్లాడేది క్రియోల్. ఆవిడకు మందిరంలో నేర్చుకున్న తెలుగు కొంత ఉంది. బడిలో తెలుగు చదువుతున్న మనవరాలు మధ్యలో అందుకుంటుంది. మాది కాకినాడ అనగానే ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

“కోరంగి మీకు దగ్గరేనా బాబూ? మా పెద్దలు అక్కడే ఓడ ఎక్కారట.”

“దగ్గరేనమ్మా. ఇప్పుడక్కడ ఓడలు లేవు, మడ అడవి ఉంది.”

1834 నుంచి చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద వచ్చిన భారతీయులు నాలుగున్నర లక్షల దాకా ఉంటారు. వాళ్లలో తెలుగువాళ్లు ఎక్కువగా కోస్తా జిల్లాల వాళ్లు. అందుకే ఇక్కడి తెలుగిళ్లలో సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ, దీపం చుట్టూ తిరుగుతూ పాడే రామభజన ఈనాటికీ నిలిచాయి. ఉగాదికి దేశమంతటా సెలవు. ఇవన్నీ ఆవిడ ఉత్సాహంగా చెప్పింది. పిట్ట గురించి అడిగితే మాత్రం చెయ్యి తిప్పేసింది. “పెరట్లో వచ్చేది కార్డినల్. మీరడిగేది కొండమీది పిట్ట. మా నాన్న కట్టెలకు వెళ్లినప్పుడు చూశాడేమో. నేను చూళ్లేదు బాబూ.”

ఆవిడనే కాదు, ఆ దేశంలో చాలామందిని అడిగినా అదే జవాబు వస్తుంది. 1598లో డచ్చివాళ్లు దిగేనాటికి ఇక్కడ ఊరూ లేదు, మనిషీ లేడు. ఓడలు తెచ్చేదాకా పిల్లిగానీ, ఎలుకగానీ, కోతిగానీ ఎరగని పిట్టలున్నాయి. వందేళ్లు తిరక్కముందే డోడో లేకుండా పోయింది. డచ్చివాళ్లు నల్లచేవ కోసం ఎబొనీ చెట్లను కొట్టుకుపోయారు, జావా నుంచి జింకల్ని తెచ్చారు, చెరకు తెచ్చారు. తరవాత ఫ్రెంచివాళ్లు, 1810లో ఇంగ్లిషువాళ్లు. పాలకులు మారినా చెరకు మాత్రం పెరుగుతూనే పోయింది. ఇవాళ పాడవకుండా మిగిలిన అసలు అడవి దేశ విస్తీర్ణంలో రెండు శాతం కూడా లేదు.

ఆ మిగిలిన అడవిని చూడ్డానికి కొండమీదికి బయల్దేరాం. తీరం వదిలితే రోడ్డుకు రెండు పక్కలా చెరకే. చేల మధ్య నల్లరాళ్ల గుట్టలు కనిపిస్తాయి. పొలం బాగు చేసుకోవడానికి మన కూలీలే చేత్తో ఏరి పేర్చినవి అవి. ఎత్తు పెరిగేకొద్దీ చెరకు తగ్గి, బ్వా షెరీ దగ్గర తేయాకు తోటలు మొదలవుతాయి. గాలి చల్లబడుతుంది, ఎండలోనే జల్లు పడుతుంది. కాసేపటికి గంగా తలావ్. అగ్నిపర్వతపు గుంటలో నిలిచిన చెరువు అది. ఒడ్డున 33 మీటర్ల శివుడు నిలబడి ఉన్నాడు. శివరాత్రికి దేశం నలుమూలల నుంచి జనం కావళ్లు మోసుకుంటూ కాలినడకన వస్తారు.

ఆ రోజు రద్దీ లేదు. గుడిమెట్ల మీద కోతులు మాత్రం చాలా ఉన్నాయి. పొడుగు తోకల మకాక్ కోతులవి. ఆగ్నేయాసియా నుంచి నాలుగు వందల ఏళ్ల కిందట ఓడల్లో వచ్చి, దిగినచోటే స్థిరపడ్డాయి. మన యాత్రికుల బృందం ఒకటి అరటిపళ్ల గెల పట్టుకొచ్చి ఒక్కొక్కటే తుంచి అందిస్తోంది. ఒకావిడ పిల్లకోతికి తొక్క వలిచి మరీ పెట్టింది. ఆంజనేయస్వామి పేరు చెప్పి పెడుతున్నవాళ్లను ఏమంటాం? నాతో వచ్చిన అటవీ పరిశీలకుడు మాత్రం అరటిపళ్ల వైపు చూడకుండా అన్నాడు: “ఇక్కణ్నుంచి అడవి రెండు మూడు కిలోమీటర్లు. పండు తిన్నాక ఇవి పోయేది అక్కడికే.”

పెట్రాన్ అనే చోట అడవి మొదలవుతుంది. 1994లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన బ్లాక్ రివర్ గోర్జెస్‌కు ఇది పైవైపు వాకిలి. అడవి అంటే మారేడుమిల్లి వైపు ఆకాశాన్నంటే చెట్లను ఊహించుకుని వచ్చినవాళ్లు తెల్లబోతారు. ఇక్కడ చెట్లు పొట్టివి, వంకర్లు తిరిగినవి. కొమ్మల నిండా నాచు, ఆర్కిడ్లు. వాటి మధ్య ఖాళీ కనిపిస్తే చాలు, చైనా జామ ఆక్రమించేస్తుంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ జామకు చిన్న ఎర్రటి పళ్లు కాస్తాయి. సీజన్లో జనం సంచులు పట్టుకుని ఏరుకోవడానికి వస్తారు. పళ్లు కోతులూ తింటాయి, పందులూ తింటాయి, గింజలు అడవంతా చల్లేస్తాయి. దానికింద స్థానిక మొక్క ఒక్కటి లేవదు. అందుకే కొన్నిచోట్ల కంచెలు వేసి, లోపల చైనా జామను ఏటా చేత్తో పీకిస్తున్నారు. కంచె లోపల కాళ్లకింద రకరకాల లేతమొక్కలు కనిపిస్తే, అడుగు బయట పెట్టగానే ఒకే జామ పొద.

ఫోడీలు తగ్గిపోయింది ఈ ఎగువనే. 1970ల తొలినాళ్లలో లె మార్ అనే పీఠభూమి మీది పొట్టి అడవిని నరికి పైన్ తోటలు వేశారు. ఈ పిట్టకు అది పట్టుగొమ్మ. 1975లో లెక్కపెడితే దేశం మొత్తం మీద సుమారు 250 జంటలు తేలాయి. 2001 నాటికి 108 నుంచి 122 జంటలు. మధ్యలో అడవి నరకడం ఆగిపోయింది, జాతీయ ఉద్యానం వచ్చింది, చట్టాలు వచ్చాయి. అయినా పిట్టలు తగ్గుతూనే ఉన్నాయి. కారణం గూళ్లలో ఉంది. ఫోడీ గడ్డిపరకలు, నాచు, సన్నటి వేళ్లతో గుండ్రటి గూడు కట్టి పక్కనుంచి వాకిలి పెడుతుంది. మన గిజిగాడు పొడుగు గొట్టం వేలాడదీసి, కింద నీళ్లో ముళ్లో ఉండేలా చూసుకుని కడుతుంది. పాములతో, ఉడుతలతో వేలయేళ్లుగా పడి నేర్చుకున్న తెలివది. ఫోడీకి ఆ అవసరమే రాలేదు. చెట్టెక్కే శత్రువు లేని దేశంలో పుట్టిన గూడు దానిది. నల్ల ఎలుక రాత్రి ఎక్కుతుంది, కోతి పగలు ఎక్కుతుంది. గుడ్లు పోతే పిట్ట మళ్లీ పెడుతుంది, అవీ పోతాయి. తల్లిదండ్రులు ముసలివై చచ్చిపోయేదాకా అడవిలో పిట్టలున్నట్టే కనిపిస్తుంది, పిల్లలు మాత్రం ఉండవు.

ఇక్కడే నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఒకటి ఉంది. ఆ కొండల్లో జపాన్ నుంచి తెచ్చి నాటిన క్రిప్టోమేరియా చెట్ల తోపులు కొన్ని ఉన్నాయి. కలప కోసం వేసినవి. స్థానిక అడవిని కాపాడాలనుకునేవాళ్లకు ఇలాంటి పరాయి చెట్లు కంట్లో నలుసు. తీరా రోజర్ సాఫర్డ్ అనే పక్షి శాస్త్రవేత్త ఫోడీ గూళ్ల మీద పరిశోధన చేసి 1997లో ప్రకటిస్తే, స్థానిక చెట్ల మీద కట్టిన గూళ్లు దాదాపు అన్నీ దొంగలపాలవుతుంటే, పిల్లలు ఎగిరేదాకా నిలుస్తున్న గూళ్లు ఈ జపాన్ చెట్ల మీదివని తేలింది. తోపులోకి వెళ్లి కొమ్మ పట్టుకుని చూశాను. ఆకు ఆకులా ఉండదు, దట్టంగా, గుచ్చుకుంటూ మెలితిరిగి ఉంది. లోపల గూడుంటే బయటికి కనిపించదు. ఎలుకకు, కోతికి అక్కడ తినడానికి పెద్దగా ఏమీ దొరకదు, కాబట్టి ఎక్కే పనీ ఉండదు. గులాబీరంగు పావురం కూడా అంతరించే దశలో ఇలాంటి తోపులోనే తలదాచుకుంది. ఈ నేల పిట్టకు ఈ నేల చెట్టు ఇవ్వలేని కాపుదల, ఓడెక్కి వచ్చిన చెట్టు ఇచ్చింది. అలాగని జపాన్ చెట్లు నాటుకుంటూ పోతే సరిపోదు. ఫోడీకి పురుగులు, పూలతేనె దొరికేది స్థానిక చెట్ల మీదే. ఇల్లొకచోట, వంటగది ఇంకోచోట అయ్యాయి దానికి.

ఆ తోపు అంచున నిలబడి చాలాసేపు చూశాం. లోపలెక్కడో పదునుగా, విడివిడిగా ఒక కూత వినిపించింది. “అదే” అన్నాడు పరిశీలకుడు. ఆకుల మధ్య గోధుమరంగులో ఏదో కదిలి పక్క చెట్టులోకి పోయింది. అది ఫోడీ అని ఆయన చెప్పాడు కాబట్టి నేనూ ఒప్పుకున్నాను. సరిగ్గా చూడాలంటే దీవికే పోవాలన్నాడు.

ఆ దీవి పేరు ఈల్ ఓజెగ్రెట్. మాహెబూర్ దగ్గరి పాంత్ జెరోమ్ నుంచి మరపడవలో ఎక్కితే, నీళ్లలోని పగడాలు చూసేలోపే చేరిపోతాం. తీరానికీ దానికీ మధ్య కిలోమీటరు కూడా ఉండదు. అంత దగ్గరగా ఉండటమే దాని అదృష్టం, దురదృష్టమూను. మారిషస్ నల్లటి లావారాయి దేశం. ఈ దీవి మాత్రం పగడపు సున్నపురాయి. దిగగానే కాళ్లకింద తెల్లటి, రంపపు పళ్ల రాయి. ఒకప్పుడు తీరం వెంట ఎండనేలల్లో ఎబొనీ అడవి ఉండేది. అందులో చెప్పుకోదగ్గ ముక్కగా మిగిలింది ఇదొక్కటే. ఇక్కడి ఎబొనీ మన బీడీ ఆకు తునికికి చుట్టం. ఈ దీవి పేరే శాస్త్రీయనామంలో చేరిన జాతి అది.

ఈ ముక్క కూడా చెక్కుచెదరకుండా ఏమీ మిగల్లేదు. కట్టెలకు కొట్టారు. మేకలు తిన్నాయి. రెండో ప్రపంచయుద్ధంలో ఇంగ్లిషు సైన్యం చెట్లు నరికి ఫిరంగులు దించింది. ఆ గచ్చుదిమ్మెలు, జనరేటరు గది ఇప్పటికీ ఉన్నాయి. 1965లో ప్రకృతి రక్షిత ప్రాంతమని ప్రకటించారు గానీ, కాగితం మీది ప్రకటన ఎలుకలకు తెలియదు కదా. 1980ల మధ్యలో మారిషియన్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్ దీవి బాధ్యత తీసుకున్నాకే పని మొదలైంది. పిల్లులను పట్టేశారు. 1990ల తొలినాళ్లకు ఎలుకలను పూర్తిగా నిర్మూలించారు. ఆ తరవాత కలుపు. ఆ కలుపులో మొదటిది ఏమిటో తెలుసా? మన దగ్గర కాగితం మిల్లుల కోసం ఎకరాలకెకరాలు వేసే సుబాబుల్. ఇక్కడది ఎబొనీ మొలకలకు ఎండ తగలనివ్వకుండా పెరిగిపోయింది. ఏళ్లతరబడి నరికి, మొదళ్లు తీసి, ఆ చోట నర్సరీలో పెంచిన స్థానిక మొక్కల్ని నాటారు.

నన్ను తిప్పి చూపించిన గైడు పాతికేళ్ల అమ్మాయి. రేవు దగ్గరే చెట్టుకింద ఒక పెట్టెను చూపించి, “ముందు ఇది చూడండి సార్, పిట్టల్ని తరవాత చూద్దురుగాని” అంది. ఎలుకబోను. ఎవరి పడవలోనైనా, ఏ సరుకులోనైనా ఒక్క కడుపుతో ఉన్న ఎలుక దిగితే ముప్పయ్యేళ్ల పని బూడిదే. అందుకే బోన్లు తనిఖీ చేయడం ఇక్కడ రోజువారీ డ్యూటీ.

దారికి అడ్డంగా ఒక పెద్ద తాబేలు పడుకుని ఉంది. అల్డాబ్రా దీవుల తాబేలు. మారిషస్‌కు సొంత తాబేళ్లు రెండు జాతులుండేవి, నావికులు ఓడలకెత్తుకుని తినేశారు. అవి మేసి, పళ్లు మింగి, గింజలు చల్లే పని ఆగిపోయింది. 2000లో ఆ పనికి అల్డాబ్రా తాబేళ్లను తెచ్చి దింపారు. ఎబొనీ పండును అవి మింగుతాయి. కడుపులోంచి బయటపడ్డ గింజ మామూలు గింజకన్నా బాగా మొలుస్తుందని, చెట్టుకు దూరంగా కొత్తచోట్ల మొక్కలు లేస్తున్నాయని పరిశోధనల్లో తేలింది. గైడు వంగి, ఎండిన పేడలో రెండాకులు తొడిగిన మొలకను చూపించింది. పెన్సిలంత ఎత్తు. ఈ జాతి ఎంత నిదానంగా పెరుగుతుందంటే, అది నీడనిచ్చే చెట్టయ్యేసరికి ఈ అమ్మాయి ఉండదు, నేను ఎలాగూ ఉండను.

ఇంకాస్త ముందుకు నడిచాక, ఎబొనీ కొమ్మల కింద ఆమె చెయ్యెత్తి ఆపింది.

నా తలకు రెండు బారల దూరంలో కొమ్మ మీద మగఫోడీ. తల, మెడ, రొమ్ము పైభాగం కుంకుమ నీళ్లలో ముంచి తీసినట్టున్నాయి. కంటికీ ముక్కుకూ మధ్య నల్లటి గీత. రొమ్ము కిందినుంచి ఒంటి రంగు మారిపోయి పాచిగోధుమ. పెరట్లో చూసిన కార్డినల్‌కు ఎరుపు ఒళ్లంతా ఉంటుంది, దీనికి రొమ్ము దగ్గరే ఆగింది. ముక్కు చూస్తే తేడా ఇంకా తెలుస్తుంది. గింజలు కొరికే కార్డినల్‌కు లావుపాటి ముక్కు. దీనిది సన్నగా, పొడుగ్గా ఉంది. ఆ ముక్కును బెరడు పగుల్లోకి దూర్చి, పైకెత్తి, ఒక చెక్కుముక్క లేపింది. కింద దాక్కున్న పురుగును లాగి కొమ్మకేసి రెండుసార్లు కొట్టి మింగింది. తరవాత తలకిందులుగా వేలాడి పక్కకొమ్మ అడుగు వెతికింది. దాని నాలుక కొన కుంచెలా చీలి ఉంటుందట, పూలలో తేనె అందుకోవడానికి. గిజిగాడి వంశంలో పుట్టి, గింజలు మానేసి, పురుగులకు, తేనెకు అలవాటుపడ్డ పిట్ట. పోటీకి వేరే పిట్టలు అంతగా లేని దీవిలో ఖాళీగా ఉన్న పని దొరికింది, దాంట్లో కుదురుకుంది.

దాని కాళ్లకు రంగు రింగులున్నాయి. ఆ వరుసను చూసి గైడు జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకుంది. ఏ పిట్ట ఎక్కడ పుట్టింది, ఎవరితో జతకట్టింది, ఎన్ని పిల్లల్ని లేపింది అన్నీ రికార్డులో ఉంటాయి. గిజిగాడు మగది ఒకదాని తరవాత ఒకటి గూళ్లు కట్టి ఒక్కో ఆడపిట్టను ఒక్కో గూట్లో దింపుతుంది, గుంపుగా ఒకే చెట్టు మీద సంసారాలు. ఫోడీ ఆ తీరు కాదు. ఒకే జంట, తమకంటూ ఓ జాగా. పొరుగు మగపిట్ట హద్దు దాటితే ఊరుకోదు. మేం చూస్తుండగానే రెండోది వచ్చి వాలింది. మొదటిది తల దించి, రెక్కలు ఆడిస్తూ, ప్లిక్ ప్లిక్ అంటూ మీదికురికింది. రెండూ ఆకుల్లో పడి మాయమయ్యాయి.

ఈ పిట్టల్ని దీవికి తెచ్చిన పద్ధతి వింటే ఎంత ఓపిక కావాలో అర్థమవుతుంది. ఎగువ అడవిలో ఎలుకలపాలయ్యే గూళ్ల నుంచి గుడ్లు, పిల్లలు ముందే తీసేశారు. తల్లిదండ్రులు మళ్లీ గూడు కట్టుకుంటాయి, కాబట్టి వాటికి పోయేదేమీ లేదు. తెచ్చినవాటిని బ్లాక్ రివర్ దగ్గరి గెరాల్డ్ డరెల్ కేంద్రంలో పెంచి, ఎగరడం వచ్చాక 2003 నుంచి 2006 దాకా విడతలుగా ఈ దీవి మీద వదిలారు. ఈ విద్య ఒక్కరోజులో రాలేదు. 1974లో మారిషస్ డేగలు అడవిలో నాలుగంటే నాలుగే మిగిలాయి. 1979లో వచ్చిన వేల్స్ దేశస్తుడు కార్ల్ జోన్స్, ఆయన తోటివాళ్లు గుడ్లు తీయడం, పొదిగించడం, మేత పెట్టడం డేగల మీద, గులాబీ పావురాల మీద నేర్చుకున్నారు. ఆ అనుభవమే పాటపిట్టలకు పనికొచ్చింది. దీవి మీద ఫోడీలు గూళ్లు కట్టాయి. ఎలుకల్లేవు, కోతుల్లేవు, పిల్లలు ఎగిరాయి. 2009లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ ఈ పిట్టను అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితా నుంచి ఒక మెట్టు దించి, ప్రమాదంలో ఉన్నవాటిలో పెట్టింది. ఇదే దీవి మీద వదిలిన ఇంకో పిట్ట, వంపుముక్కుతో కంటి చుట్టూ తెల్లని వలయమున్న ఆకుపచ్చ బుల్లిది, మాత్రం ఇంకా పై మెట్టులోనే ఉంది.

దారిలో ఒక చెట్టుకు కట్టిన మేతగిన్నె దగ్గర ఆగాం. ఒక కుర్రాడు పాత మేత తీసేసి, గిన్నె రుద్ది కడిగి, కొత్తది నింపుతున్నాడు. అడవి ఇంకా పూర్తిగా ఎదగలేదు, పూలూ పురుగులూ చాలని రోజులుంటాయి, అందుకని పైమేత. నా మనసులోది అడిగేశాను. రింగులు తొడిగి, గిన్నెలో పెట్టి పెంచుతున్నదాన్ని అడవిపిట్ట అనొచ్చా అని. గైడుకు ఈ ప్రశ్న కొత్త కాదని మొహమే చెప్పింది.

“ఎలుకల్ని తెచ్చింది మనుషులే కదా సార్. అవి ఉన్నన్నాళ్లు డ్యూటీ మనదే.”

1,865 చదరపు కిలోమీటర్ల పెద్ద దీవిలో ఎలుకల్ని నిర్మూలించడం జరిగే పని కాదు. చెరకు తోటలున్నాయి, పన్నెండు లక్షలకు పైగా జనం ఉన్నారు. కాబట్టి ఈ చిన్న దీవుల మీద కాపలా, ఎగువ అడవిలో గూళ్ల చుట్టూ బోన్లు, ఇవే దారి. ఇది ఫలానా ఏడాదితో ముగిసే పథకం కాదు, ఇంటి చాకిరీకి ముగింపు ఎక్కడుంటుంది? ఇదే దేశానికి చెందిన రొడ్రిగ్స్ దీవిలో ఇంకో ఫోడీ ఉంది, పసుపురంగుది. 1968 తుపాను తరవాత దానివి ఐదారు జంటలే కనబడ్డాయి. చెట్లు మళ్లీ ఎదగనిచ్చారు, ఆ దీవిలో కోతులు లేవు. ఇప్పుడు వేలల్లో ఉంది. దానికి గిన్నెలో మేత అక్కర్లేదు. ఈ దీవి ఫోడీకీ అలాంటి రోజు రావాలంటే ముందు అడవి ఎదగాలి. పేడలో చూసిన ఆ మొలకల మీదే ఆశ.

ఇన్ని పిట్టల్నీ ఒకేచోట పెట్టడంలోని ప్రమాదం 2020లో తెలిసొచ్చింది. జులై 25న వకాషియో అనే భారీ సరుకు ఓడ పాంత్ దెనీ దగ్గర పగడపు దిబ్బకెక్కింది. ఆగస్టు 6న దాని ట్యాంకు పగిలి చమురు కారడం మొదలైంది. సుమారు వెయ్యి టన్నులు. గాలి, కెరటాలు దాన్ని తెచ్చిపెట్టింది సరిగ్గా ఇటువైపే. ప్రభుత్వం కదిలేదాకా జనం ఆగలేదు. మా ఇంటామె ఆ రోజుల గురించి చెప్పింది. మాహెబూర్ ఒడ్డున ఆడామగా అందరూ కూర్చుని, తోటల నుంచి లారీల్లో వచ్చిన ఎండు చెరకు ఆకును గుడ్డ గొట్టాల్లో కూరి, కుట్టి, సముద్రం మీద పొడుగ్గా అడ్డం వేశారు. ఆవిడా కుట్టింది. చేతుల నల్లమరక వారమైనా పోలేదంది. ఏ చెరకు కోసం ఈ అడవులన్నీ పోయాయో, దాని చెత్తే ఆనాడు అడ్డుకట్ట అయింది. దీవి మీది సిబ్బంది నర్సరీ మొక్కల్ని వేలల్లో తరలించారు. కొన్ని ఫోడీలను, ఆకుపచ్చ బుల్లిపిట్టలను పట్టి, ఏమన్నా అయితే విత్తనానికైనా ఉంటాయని, పెద్ద దీవి మీది కేంద్రానికి చేర్చారు. దీవి అంచు రాళ్లకు చమురు అంటింది. అడవి దక్కింది.

“మరి మీరు ఆ పిట్టను చూళ్లేదన్నారు కదమ్మా?” అని అడిగాను.

“చూళ్లేదు. అయితే ఏం బాబూ? దీవి మాది కాదా?”

మారిషస్‌కు ఇవాళ తెలుగువాళ్లు బాగా వెళ్తున్నారు. ట్రావెల్ ఏజెంట్ల ప్యాకేజీలో ఈ దీవి మామూలుగా ఉండదు. ఒక పూట ఖాళీ చేసుకుని వెళ్లండి. రెండు గంటల్లోపు నడక, చెప్పులు కాకుండా బూట్లు కావాలి, సున్నపురాయి కోస్తుంది. టికెట్టు డబ్బు బోన్లకు, మేతగిన్నెలకు, నర్సరీకి పోతుంది. ఎరుపు తల చూడాలంటే సెప్టెంబరు, ఫిబ్రవరి మధ్యే వెళ్లండి, మిగతా నెలల్లో మగదీ ఆడదీ ఒక్కలాగే ఉంటాయి. గంగా తలావ్ కూడా అందరి ప్యాకేజీలో ఉంటుంది. అక్కడ శివుడికి దండం పెట్టుకోండి. కోతులకు అరటిపళ్లు మాత్రం పెట్టకండి. ఊరికే దొరికే తిండితో కోతులు పెరుగుతాయి, పెరిగిన కోతులు చెట్లెక్కుతాయి. ఆ చెట్ల మీద వందో రెండొందలో జంటలు ఇంకా పక్కవాకిలి గూళ్లే కడుతున్నాయి.